కమిటీ వారు తవ్విన కథ

నర్సీపట్నం ప్రాంతపు పిల్లల్లో ఊహాశక్తి తగ్గిపోతోందని 1999లో పైవాళ్లు కనిపెట్టారు. ఎలా కనిపెట్టారని మనం అడగకూడదు. వెంటనే ఉత్తర్వు వచ్చింది. ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చేత మాయలు, మంత్రాలు, సాహసాలు ఉన్న పుస్తకాలు చదివించవలెను. మార్చి నెలాఖరులోగా ఊహాశక్తిని పెంచవలెను. పెరిగినట్టు సంతకం చేసి పంపవలెను. అయితే పుస్తకాలు తిన్నగా పిల్లల చేతుల్లోకి పోతే వాళ్లు చదివేసే ప్రమాదం ఉంది. అందుకని ఏవి చదవదగినవో పెద్దలు ముందుగా తేల్చి చెప్పడానికి "మాయా సాహస గ్రంథ సిఫార్సు సంఘం" అని ఒకటి వెలిసింది. అంత పొడుగు పేరుకి నోరు తిరక్క ఊళ్లో అందరూ కమిటీ అనేవారు.

ఇదంతా నీకెలా తెలుసయ్యా అంటారేమో. బడికి ఎదురుగా నాది పుస్తకాల కొట్టు. పుస్తకాలంటే తెల్లకాగితాలవే. అచ్చువేసినవి పెడితే ఈగలు కూడా వాలవు. కమిటీ అటెండరు జోగులు పొద్దస్తమానం నా కొట్టు అరుగు మీదే ఉండేవాడు, ఆఫీసులో కూర్చోడానికి కుర్చీ లేదని. వాడు చెప్పగా మిగిలింది ఝాన్సీలక్ష్మి టీచరు చెప్పింది. వీళ్లిద్దరూ చెప్పనిది నేను కళ్లారా చూశాను.

కమిటీకి చైర్మన్ రమణబాబు గారు. బెల్లం వ్యాపారి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పుస్తకమూ చదవలేదు గనక ఏ పుస్తకం మీదా ఆయనకు పక్షపాతం ఉండదని ఏరి కోరి వేశారు. విద్యారంగానికి ఆయన చేసిన సేవ అప్పటికే జగత్ప్రసిద్ధం. బడి గేటు వాస్తు ప్రకారం దోషమని సొంత ఖర్చుతో దానికి గోడ కట్టించేశారు. కొత్త గేటు పెట్టాల్సిన మూలలో మురిక్కాలవ ఉంది. అందువల్ల పిల్లలు రోజూ గోడ దూకి చదువుకోడానికి వచ్చేవారు. సాహసానికి సంబంధించినంతవరకు మా బడి పిల్లలకు వేరే పుస్తకం అక్కర్లేదని నా అభిప్రాయం.

సాహిత్య నిపుణుడి హోదాలో రిటైర్డు హెడ్మాస్టరు నారాయణమూర్తి గారు సభ్యులయ్యారు. ఆయన ఏ పుస్తకమైనా ఆఖరి వాక్యం ఒక్కటే చదివేవారు. నీతి అక్కడే ఉంటుందని ఆయన లెక్క. నీతి ఉంటే మంచి పుస్తకం, లేకపోతే చెడ్డది. ఈ పద్ధతి మీద ఆయన ఉద్యోగం చేసిన కాలంలో జిల్లాలో అందరికంటే ఎక్కువ పుస్తకాలు చదివిన మాస్టారుగా సన్మానం కూడా పొందారు. మూడో సభ్యురాలు ఝాన్సీలక్ష్మి టీచరు. కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలని ఉత్తర్వులో రాసుంది. అంతకుమించి ఆవిడతో ఎవరికీ పని లేదు.

ప్రారంభసభలో షామియానా కింద రమణబాబు గారు ఉపన్యసించారు. "ఊహాశక్తి అన్నది బెల్లప్పాకం లాంటిది. ముదిరితే రాయైపోతుంది. లేతగా దింపేస్తే చెయ్యంతా జిగురే. ఎప్పుడు దింపాలో పిల్లలకేం తెలుసు? మాకు తెలుసు." చప్పట్లు బాగానే పడ్డాయి. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి, చప్పట్లయ్యాక తలా ఒక బిస్కెట్టు పంచారు.

సంక్రాంతి సెలవులయ్యాక పుస్తకాల ట్రంకు దిగింది. కమిటీ ఆఫీసు గదిలో అంతకుముందు పథకం తాలూకు పగిలిన పలకలు పేర్చి ఉండటంతో, ట్రంకును తాత్కాలికంగా ఝాన్సీలక్ష్మి టీచరు తరగతిలో పెట్టించారు. తాళం ఉంది. తాళంచెవి ఆ తాళానికే తాడుతో కట్టి ఉంది. పుస్తకాలు తీయమని ఎవరూ చెప్పలేదు, తీయొద్దనీ చెప్పలేదు. ఆవిడ తీసేసింది. తీసి, సిఫార్సు లేకుండా, ముహూర్తం లేకుండా, నాలుగో తరగతి పిల్లల చేతుల్లో పెట్టేసింది.

ఆ తరగతిలో పావని అని ఒక పిల్ల. అమ్మానాన్నలు ఇటుకబట్టీల పనికి ఎక్కడికో పోయారు. మామ్మ అచ్చియమ్మ దగ్గర ఉండేది. అచ్చియమ్మ గొలుగొండ వైపు జీడితోటల్లో కూలికి వెళ్లేది. ఆ ఏడు జీడిపిక్క రాలడం మొదలవగానే మనవరాల్ని బడి మానిపించి తోటకి తీసుకుపోతానని పండక్కి ముందే టీచరుకి చెప్పేసింది. అందులో దాపరికం ఏమీ లేదు. ప్రతి ఏడూ నలుగురైదుగురు పిల్లలు అలా పోవడం, జూన్‌లో రిజిస్టరులో మాత్రం తిరిగి రావడం మా దగ్గర మామూలే.

పావని చేతికి వచ్చిన పుస్తకం పేరు "మూడు తలల కొండ". చిట్టిమల్లి అనే కుమ్మరిపిల్ల. ఆమె తమ్ముణ్ణి ఒక మాంత్రికుడు రాయి చేసి పారేస్తాడు. మూడు తలల కొండ కింద గుహ, గుహలో కుండ, కుండకి ఏడు పడగల పాము కాపలా. మిట్టమధ్యాహ్నం మంత్రం చదివితే గుహ తెరుచుకుంటుంది. కుండలో ఉన్నది తెచ్చి రాయి మీద చల్లితే తమ్ముడు లేచొస్తాడు. పుస్తకం ఇంటికిస్తే లెక్కలో తేడా వస్తుందని టీచరు బళ్లోనే చదివించేది. పావని కూడబలుక్కుంటూ రోజుకో ముక్క చదివి, సాయంత్రం పొయ్యి దగ్గర మామ్మకి చెప్పేది.

అక్కడే చిక్కొచ్చింది. ఫిబ్రవరి దాటింది, పిక్క రాలింది. అచ్చియమ్మ పావనిని మానిపించలేదు. తోట మేస్త్రీ గదమాయించాడట. దానికి ఆవిడ జవాబు నా కొట్టు ముందే, గోడ దూకుతున్న మనవరాలికి సంచీ అందిస్తూ నాతో చెప్పింది.

"పిక్కలేరడానికి ఊరంతా ఉన్నారు బాబూ. ఆ రాయైపోనోడు మనిసయ్యాడో నేదో సెప్పడానికి ఇదొక్కర్తే ఉంది. ఆ కతయ్యేదాకా బడికెల్తాది."

ఊహాశక్తి పెంచే పథకం దేశంలో ఎక్కడైనా పనిచేసిందా అంటే, ఆ రోజు ఆ గోడ దగ్గర పనిచేసింది. అందుకే దాన్ని వెంటనే ఆపాల్సి వచ్చింది.

కమిటీ తొలి సమావేశంలో ట్రంకు తెరిచారు. పుస్తకాల మూలలు మడతపడి ఉన్నాయి. కొన్నింటి మీద వేలిముద్రలు. ఒకదాని మీద అన్నం మెతుకు. చదివిన ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయని నారాయణమూర్తి గారు నిర్ధారించారు. సిఫార్సు కాని పుస్తకాలు పిల్లలు ఎలా చదువుతారని టీచరుకి మెమో ఇచ్చి, పుస్తకాలన్నీ స్వాధీనం చేసుకున్నారు. పావని చేతిలోంచి "మూడు తలల కొండ" జోగులే తీసుకున్నాడు. చిట్టిమల్లి అప్పటికి గుహ ముందు నిలబడి మంత్రం కోసం నోరు తెరిచింది. అలా తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఆ తర్వాత పుస్తకాల మీద క్షుణ్ణంగా చర్చ జరిగింది. ఎగిరే కొయ్యగుర్రం కథ చదివి పిల్లలు బడి కప్పు మీంచి దూకితే ఎవరు బాధ్యులు అని చైర్మన్ గారు అడిగారు. మన బడికి కప్పు లేదు కదండీ అని టీచరు గుర్తుచేసింది. కప్పు వచ్చేదాకా ఆ పుస్తకం వాయిదా వేశారు. మాట్లాడే చేప కథ చదివితే పిల్లలు జాలిపడి చేపల పులుసు మానేస్తారనీ, నక్కపల్లి వైపు నుంచి బుట్టలెత్తుకొచ్చే ఆడవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందనీ అది తీసేశారు. మనిషి కనిపించకుండా పోయే టోపీ కథ మరీ ప్రమాదం. సంతకం ఉండి మనిషి కనిపించని మాయ శాఖలో ఇప్పటికే బాగా వ్యాపించి ఉన్నందున, దాన్ని కింది స్థాయికి తేవడం మంచిది కాదన్నారు. రాక్షసుడు ఏ మండలం వాడో రాయనందుకు ఇంకో పుస్తకం పోయింది. ఎప్పుడైనా ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పేలోగా మనమే చెప్పేస్తే మర్యాదగా ఉంటుందని నారాయణమూర్తి గారి సలహా.

మిగిలినవి సభ్యులు ఇళ్లకు తీసుకెళ్లి పరిశీలించాలని తీర్మానం. "మూడు తలల కొండ" రమణబాబు గారి వంతుకొచ్చింది.

పాపం ఆయన చదివారు. బెల్లం కొట్టులో మధ్యాహ్నం బేరాలు లేని వేళ, వేలు పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ చదివారు. "మూడు తలల కొండ. తూర్పున జంట చింతలు. పక్కన ఎండిపోయిన గెడ్డ" అన్న చోటికి రాగానే లేచి కూర్చున్నారు. గొలుగొండ దారిలో చెరకు కొనడానికి వెళ్లినప్పుడల్లా అలాంటి కొండ ఒకటి ఆయన కంటపడుతూనే ఉంది. మూడు తలలు. చింతలు. గెడ్డ కూడా ఎండే ఉంది. మార్చి నెలలో మా ప్రాంతంలో ఎండని వాగు, గెడ్డ ఏదో ఆయన ఆలోచించలేదు.

వెంటనే నారాయణమూర్తి గారికి కబురెళ్లింది. ఇది వట్టి పిల్లల కథేమోనని ఆయన నసిగితే, రమణబాబు గారు చేత్తో పుస్తకం తట్టి, "అచ్చులో ఉంది కదండీ. అంత ఖర్చు పెట్టి అచ్చేసేవాడు అబద్ధం ఎందుకేస్తాడు?" అన్నారు. అచ్చు మీద ఇంత గౌరవం ఉన్నవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. పూర్వులు నిధుల జాడలు కథల్లో దాచిపెట్టేవారని నారాయణమూర్తి గారికి కూడా అప్పుడు జ్ఞాపకం వచ్చింది. రాసినవాడు ఎక్కడో దూరపు పట్నంలో ఉంటాడు, మన కొండ వాడికెలా తెలుసు అనే సందేహం ఒకటి వచ్చింది. తెలియనివాడు ఇంత కచ్చితంగా రాశాడంటే అదే పెద్ద రుజువని తేలిపోయింది.

ఈలోగా ఝాన్సీలక్ష్మి టీచరు బెల్లం కొట్టు చుట్టూ తిరుగుతోంది.

"ఆ ఒక్క పుస్తకం ఇప్పించండి సార్. ఒక పిల్ల చదువు దానిమీద ఆధారపడి ఉంది."

"పరిశీలనలో ఉందమ్మా."

"పోనీ ఆఖరి నాలుగు పేజీలు చూసి చెప్పేస్తాను సార్. ఇక్కడే నిలబడి చదువుకుంటాను."

"ఆఖరి పేజీలే ముఖ్యం. అవే పరిశీలనలో ఉన్నాయి."

ఆవిడ అక్కణ్ణించి అచ్చియమ్మ గుడిసెకి వెళ్లింది. అచ్చియమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని టీచరు నాతో అంది. "నానేటి సెయ్యను టీచరమ్మా. కత ఆగిపోనాది. రోజూ అడిగిందే అడుగుతుంటే ఈ పిల్లగుంట దిక్కులు సూత్తంది. మంగళారం దాకా సూత్తాను. పుస్తకం వత్తే బడికి, నేకపోతే తోటకి." అంతే. అచ్చియమ్మ దగ్గర వాయిదాలు లేవు, పరిశీలన లేదు.

ఆ ఆదివారమే కమిటీ క్షేత్రస్థాయి పరిశీలనకు బయల్దేరింది. నేనన్న మాట కాదు, మినిట్సులో అలాగే రాసుంది. జీపులో చైర్మన్ గారు, నారాయణమూర్తి గారు, గునపాలు, కొబ్బరికాయలు, ఒక నల్లకోడి, అంజనం వేసే అప్పలకొండ, ఇవన్నీ మొయ్యడానికి జోగులు. ఆడవాళ్లు రాకూడదు గనక మహిళా సభ్యురాలికి సమాచారం ఇవ్వలేదు. పుస్తకంలో మిట్టమధ్యాహ్నం అని ఉంది కాబట్టి నెత్తి మాడే ఎండలో కొండ ఎక్కారు. అప్పలకొండ తమలపాకుకి కాటుక రాసి చూసి, చింతల కింద కుండ కనిపిస్తోందన్నాడు. పాము కనిపిస్తోందా అని నారాయణమూర్తి గారు అడిగారు. పడుకుందన్నాడు.

ఇక మంత్రం చదవాలి. మంత్రం పుస్తకంలో ఉంది. ఒక కాగితం మీద ఎక్కించుకుని చదువుదామని జోగులు అంటే అప్పలకొండ కస్సుమన్నాడు. మంత్రానికి నకలు పనికిరాదట. మూలపత్రాన్నే చదివి, గోతిలో పెట్టి కర్పూరంతో వెలిగించాలట. అసలు ప్రతి ఉండగా నకలు చెల్లదన్నది కొలువులో పండిపోయిన నారాయణమూర్తి గారికి కూడా సబబుగానే తోచింది. మంత్రం ఉన్న పేజీ నుంచి అట్ట దాకా ఒక్క గుంజుతో చింపి, గోతిలో పెట్టి, హారతిచ్చారు. ఆ కాగితాల వెనక వైపు ఏముందో ఎవరూ తిప్పి చూడలేదు. కథ ఆఖరు అక్కడే ఉంది.

గునపాలు పడ్డాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. మావాళ్లకు ఎలుక కూడా దొరకలేదు. పొద్దు వాలేదాకా తవ్వితే ఒక ఓటి కల్లుముంత, దాన్నిండా ఎర్రచీమలు బయటపడ్డాయి. చీమలు చైర్మన్ గారి పంచెలోకి ఎక్కాయి. పాము ఇలా రూపం మార్చుకుందని అప్పలకొండ వివరించి, దక్షిణ తీసుకుని, నల్లకోడిని చంకన పెట్టుకుని దిగిపోయాడు.

సోమవారం సాయంత్రం ఆఖరి సమావేశం పెట్టారు. ఒక్కో పుస్తకం మీద కనీసం ఒక బాలుడి లేదా బాలిక అభిప్రాయం తీసుకోవాలని ఉత్తర్వులో రాసుంది. పావనిని టీచరు తీసుకొచ్చింది. పుస్తకం ఇస్తారంటేనే అచ్చియమ్మ పంపింది. పిల్ల తలకి నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని, బల్ల మీద ఉన్న పుస్తకం కేసే చూస్తూ నిలబడింది. కిటికీ బయట నేనూ, జోగులూ ఉన్నాం.

"అమ్మాయ్, ఏడు పడగల పాము ఉంటుందంటావా?" అని చైర్మన్ గారు అడిగారు. ఆ అడగడంలో ఏదో చిన్న ఆశ ఉన్నట్టు నాకు అనిపించింది.

"ఉండదండి. కతండి."

"కొండ కింద నిధి?"

"కతలోనే ఉంటాదండి."

"అబద్ధమని తెలిసి ఎందుకు చదువుతున్నావు మరి?"

"మామ్మకి సెప్పాలండి. తమ్ముడు మనిసయ్యాడో నేదో తెలీకపోతే నన్ను రేపట్నించి తోటకి తీసుకుపోద్దండి." అని, చెయ్యి చాపింది. నారాయణమూర్తి గారు పుస్తకం అందించారు. పిల్ల గబగబా తిప్పుకుంటూ పోయి, అట్ట తగిలాక ఆగిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పింది. చింపిన చోట వేలుతో తడిమింది. టీచరు అప్పుడు చూసింది. ఆవిడ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"ఆఖరి పేజీలేవి సార్?" అని ఆవిడే అడిగింది.

"పరిశీలనలో వినియోగమయ్యాయి" అన్నారు చైర్మన్ గారు.

నారాయణమూర్తి గారు మాత్రం పిల్లని కాస్త ఆదుకోబోయారు. ఆయన ఆఖరి వాక్యాల మనిషి కదా. కళ్లు మూసుకుని జ్ఞాపకం చేసుకుని, "ఆఖరున 'అందరూ సంతోషంగా ఇంటికి వెళ్లారు' అని ఉందమ్మా. నీతి లేదు" అన్నారు.

పావని తలెత్తి ఆయన్ని చూసింది. "అందరూ అంటే తమ్ముడు కూడానాండి?"

నలభై ఏళ్ల చదువులో నారాయణమూర్తి గారిని ఎవరూ ఆఖరి వాక్యానికి ముందు సంగతి అడగలేదు. పిల్ల పెద్దలకు ఎదురు ప్రశ్నలు వేస్తోందని చైర్మన్ గారు రాయించారు. తర్వాత తీర్మానం చేశారు. దాని నకలు నా దగ్గరుంది గనక ఉన్నదున్నట్టు చెబుతున్నాను. "మూడు తలల కొండ అను గ్రంథములోని విషయములు అసత్యములని కమిటీ స్వయముగా క్షేత్రస్థాయిలో పరిశీలించి కనుగొన్నది. సూచించిన స్థలమందు నిధి గాని, సర్పము గాని లభ్యము కాలేదు. ఇట్టి గ్రంథములు చదివిన పిల్లలు నిజమునకు, కల్పనకు తేడా తెలియనివారగుదురు. పైగా చదివిన బాలికకే దీనియందు నమ్మకము లేదు. కావున సిఫార్సు చేయబడలేదు." టీచరు సంతకం పెట్టనంది. ఆవిడ సంతకం లేకపోయినా తీర్మానం చెల్లుతుందన్నారు.

సిఫార్సయిన పుస్తకాలు కూడా ఉన్నాయండోయ్, లేవనుకునేరు. గోళ్లు కత్తిరించుకొనుట, పొదుపు చేయుట, రోడ్డు దాటుట. వీటిని మాయా సాహస గ్రంథాలుగా నమోదు చేసి, కొత్త బీరువాలో పెట్టి, గుమ్మడికాయ కొట్టి, తాళం వేసి, తాళంచెవి చైర్మన్ గారింట్లో భద్రం చేశారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు పుస్తకాలు ఒక్క మడత లేకుండా ఉన్నాయని మెచ్చుకున్నారు. మార్చి ముప్ఫయ్యొకటిన, ఊహాశక్తి ఆశించిన మేరకు పెరిగినట్టు సంతకం చేసి పంపారు. ఆ సంతకం విషయంలో నేను ఒప్పుకుంటాను, పెరిగిన మాట నిజమే.

మంగళవారం పావని తోటకి వెళ్లిపోయింది.

పది రోజులాగి టీచరు తోటకి బయల్దేరితే, నా స్కూటరు మీద నేనే దింపాను. చెట్ల కింద ఆడవాళ్లు కూర్చుని పండు నుంచి పిక్క తుంచుతున్నారు. మధ్యలో పావని. జీడి సొన తగిలి వేళ్లు అప్పటికే నల్లబడ్డాయి. చేతులు పనిలో ఉన్నాయి, నోరు కథలో ఉంది. చిట్టిమల్లి గుహలోంచి బయటికొచ్చేసింది. కుండలో ఉన్నది రాయి మీద చల్లేసింది.

"మరి తమ్ముడు లేచాడేటే?" అని ఎవరో అడిగారు.

"లేసాడు. మాటింకా రాలేదు. రేపొత్తాది."

ఆడవాళ్లందరూ ఊఁ కొట్టారు. టీచరుకి ప్రాణం లేచొచ్చింది. అచ్చియమ్మ పక్కన చతికిలబడి, "చూశారా అచ్చియమ్మ గారూ, ఈ పిల్ల ఎంత తెలివైందో. లేని కథ అల్లుకుపోతోంది. దీన్ని బడికి పంపాలండీ" అంది.

అచ్చియమ్మ వింతగా చూసింది. "అదే గదమ్మా నాననేది. కత కోసం బడికి అంపాను. ఇప్పుడు కత ఇదే సెప్తంది. మరింక బడెందుకు?"

టీచరు లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది. ఇద్దరం తిరిగొచ్చేశాం. దారిలో ఆ కొండ పక్కనుంచే వచ్చాం. అప్పటికే నిధి మాట పొక్కి, కోటవురట్ల నుంచి కూడా జనం గునపాలు పట్టుకొచ్చి తవ్వుతున్నారు. మూడు తలల్లో ఒకటి సగం అయిపోయింది. జూన్‌లో బడి తెరిచారు. రిజిస్టరులో పావని పేరు ఉంది. పిల్ల రాలేదు. తల్లిదండ్రుల్లో అవగాహన లేకపోవడమే ఇందుకు కారణమని కమిటీ నివేదికలో రాశారు.

ఈ కథ నేను ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర టీ దుకాణంలో చాలామందికి చెప్పాను. చదువుకున్నవాళ్లే. ఉద్యోగస్తులు, లెక్చరర్లు, ఒకాయన వకీలు. మంత్రం పేజీలకి హారతిచ్చిన చోట అందరూ పగలబడి నవ్వారు. ఎంత మూర్ఖులండీ అన్నారు. టీ తాగి, గ్లాసు పెట్టి, వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగారు.

"అన్నట్టు, ఆ కొండ ఎటువైపండీ? వాళ్లు తూర్పు వైపే తవ్వారా, పడమర కూడానా?"

పావని మళ్లీ బడికి వచ్చిందా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మీ నవ్వు కూడా అయిపోయినట్టుంది. ఇప్పుడు మీరడగండి. ఏది ముందు అడుగుతారో చూస్తాను.